మీకు తెలుసా? అప్పు లేని యూరప్ చదువు

ఢిల్లీలో శివాజీ స్టేడియం మెట్రో స్టేషన్‌లోనే ఒక వీసా దరఖాస్తుల కేంద్రం ఉంది. ఎండాకాలంలో ఏ రోజు పొద్దున వెళ్లినా అక్కడ ఒకటే దృశ్యం. ప్లాస్టిక్ ఫోల్డర్లు ఛాతీకి ఆనించుకున్న పిల్లలు, వాళ్ల వెనక నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ అమ్మానాన్నలు. ఒకరోజు అక్కడ పరిచయమైన గుంటూరు వైపు పెద్దాయనతో కలిసి మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో భోజనం చేశాను. వాళ్లబ్బాయి ఇక్కడే ఎన్‌సీఆర్‌లో ఇంజినీరింగ్ చదివాడు, ఇప్పుడు యూరప్‌లో ఎమ్మెస్‌కి సీటొచ్చింది. పప్పులో నెయ్యి కలుపుకుంటూ మెల్లగా చెప్పాడాయన: "ఊళ్లో ఇల్లు బ్యాంకులో పెట్టామండీ. ఇద్దరు ఆడపిల్లల పెళ్లికి కూడా అప్పు చెయ్యలేదు, వీడి చదువుకి చేశాను."

"ఎరాస్మస్ ముండస్‌కి పెట్టాడా బాబు?" అని అడిగాను.

"అదేంటండీ? కన్సల్టెన్సీ వాళ్లు చెప్పలేదే!"

ఆ మాట అప్పటినుంచీ నన్ను వదల్లేదు. ఈసారి శీర్షిక మొత్తం దానికే.

✦

ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ స్కాలర్‌షిప్ అంటే నెలకు 1,400 యూరోలు. గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. యూరో వంద రూపాయలని వేసుకున్నా నెలకు లక్షా నలభై వేలు, రెండేళ్లకు ముప్ఫై మూడు లక్షల పైచిలుకు. ఈ స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లు ట్యూషన్ ఫీజు వేరే కట్టక్కర్లేదు. ప్రయాణం, వీసా, ఇంటద్దె, తిండి అన్నీ ఆ నెలసరి సొమ్ములోంచి చూసుకోవాలి. తిరిగి కట్టాల్సిన పని లేదు. జామీను అడగరు, ఆస్తి పత్రాలు అడగరు.

ఇంకో విశేషం, చదువు ఒక్క చోట సాగదు. కనీసం రెండు దేశాల్లో చదవాలన్నది ఈ పథకం షరతు. ఒక సెమిస్టర్ స్పెయిన్‌లో, తర్వాతది జర్మనీలో, థీసిస్ స్వీడన్‌లో అన్నట్టుగా ఉంటుంది. ఆఖరున ఆ విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే ఉమ్మడి పట్టా ఇస్తాయి, లేకపోతే ఒకటికి మించి పట్టాలు ఇస్తాయి.

2004లో మొదలైన ఈ పథకంలో స్కాలర్‌షిప్పులు అందుకునే దేశాల్లో మన దేశం ముందు వరసలో ఉంటోంది. 2022లో 161 మంది, 2023లో 174 మంది భారతీయ విద్యార్థులకు దక్కాయి. ఈ అంకెల్ని రెండు రకాలుగా చదువుకోవచ్చు. మనవాళ్లకు వస్తోంది, కాబట్టి మనకు కుదరదన్న భయం వద్దు. అయితే ఏటా లక్షల్లో విదేశాలకు వెళ్లే దేశంలో రెండొందలు కూడా దాటని లెక్క ఇది, కాబట్టి తేలిగ్గా వస్తుందన్న భ్రమా వద్దు.

✦

ఈ కథంతా ఒక అవమానంతో మొదలైందని మీకు తెలుసా?

సోఫియా కొరాది రోమ్ నగరానికి చెందిన న్యాయశాస్త్ర విద్యార్థిని. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ వెళ్లి, కొలంబియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసి 1958లో ఇంటికొచ్చింది. ఆ చదువును తన డిగ్రీలో కలపమని రోమ్ విశ్వవిద్యాలయంలో అడిగింది. పరిగణించడం మాట అటుంచి, నలుగురి ముందూ చులకన చేసి పంపేశారు. ఏడాది కష్టం ఎవరి లెక్కలోకీ రాకుండా పోయింది.

ఆమె ఆ సంగతి వదిలిపెట్టలేదు. విద్యార్థి వేరే దేశంలో చదివిన చదువును సొంత విశ్వవిద్యాలయం గుర్తించి తీరాలని 1969లో ప్రతిపాదన రాసింది. మంత్రుల చుట్టూ, వైస్ ఛాన్సలర్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. ఎరాస్మస్ ముండస్‌కు మాతృక అయిన ఎరాస్మస్ పథకం 1987లో మొదలయ్యే నాటికి ఆమెకు జరిగిన అవమానానికి దాదాపు ముప్ఫై ఏళ్లు. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్లారు. ఆమెను యూరప్ పిల్లలు 'మమ్మా ఎరాస్మస్' అని పిలుచుకున్నారు. ఎరాస్మస్ అమ్మ అన్నమాట. 2016లో స్పెయిన్‌లో ఆమెకు కార్లోస్ ఐదో చక్రవర్తి పేరిట ఉన్న యూరోపియన్ పురస్కారం దక్కింది.

పథకం పేరు మాత్రం రాటర్‌డామ్ పండితుడు ఎరాస్మస్‌ది. పారిస్, కేంబ్రిడ్జ్, లూవెన్ అంటూ చదువు కోసం ఊళ్లు తిరిగి, 1536లో బాజెల్‌లో కన్నుమూసిన మనిషి. ఆయనకు తొమ్మిది వందల ఏళ్ల ముందే చైనా నుంచి నడిచొచ్చిన హ్యూయన్‌త్సాంగ్ మన కృష్ణా తీరాన ధాన్యకటకంలో నెలల తరబడి ఆగి బౌద్ధ శాస్త్రం చదువుకున్నాడు. పరదేశి విద్యార్థికి అన్నం పెట్టి చదువు చెప్పిన నేల మనది కూడా.

✦

అవమానం నుంచి పుట్టిన పథకం గనక, దాని గుండెకాయ డబ్బు కాదు, క్రెడిట్. యూరప్‌లో 1989 నుంచి ఒక ఉమ్మడి కొలత ఉంది. ఏడాది చదువు 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. ఆ శ్రమలో క్లాసు, ల్యాబు, ఇంట్లో చదివింది, పరీక్షకు కూర్చున్నది అన్నీ కలుస్తాయి.

మన దగ్గర 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. అంటే మన పిల్లవాడి 40, వాళ్ల 60 రెండూ ఒకే ఏడాది చదువు. ఈ తేడా తెలియక, మార్కుల జాబితాలో అంకె తక్కువుందని భయపడి దరఖాస్తే మానుకున్న పిల్లల్ని నేను చూశాను. క్రెడిట్ల అంకె పక్కన గంటలు కూడా రాసిన ట్రాన్స్‌క్రిప్ట్ ఇమ్మని కాలేజీని అడగండి. అడిగితే ఇస్తారు. అడగాలని తెలియకపోవడమే చిక్కు.

✦

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జెనీవా కేంద్రంగా పనిచేసిన నానాజాతి సమితి 1922లో మేధావుల సంఘం ఒకటి పెట్టింది. దేశాల మధ్య చదువు, పరిశోధన, పుస్తకాలు, విద్యార్థుల రాకపోకలు ఎలా పెరగాలో చర్చించడం దాని పని. ఐన్‌స్టీన్ అందులో సభ్యుడు, మేరీ క్యూరీ సభ్యురాలు. మన దేశం నుంచి కొంతకాలం జగదీశ్ చంద్ర బోస్ ఉండేవారు. 1931లో ఆయన స్థానంలోకి వచ్చిన వ్యక్తి సర్వేపల్లి రాధాకృష్ణన్.

అదే 1931లో ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇటు సముద్రం ఒడ్డున కొత్త విశ్వవిద్యాలయానికి విభాగాలు కడుతూ, అటు జెనీవా వెళ్లి దేశాల మధ్య విద్యా సహకారం గురించి మాట్లాడిన మనిషి మనవాడు. ఎరాస్మస్‌కు తాతముత్తాతల్లాంటి ఆ సంఘంలో తెలుగు విశ్వవిద్యాలయాధిపతికి కుర్చీ ఉందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు కనపడదో నాకు అర్థం కాదు.

ఆ సంఘంలో మేరీ క్యూరీ పట్టుబట్టిన అంశం ఏమిటో తెలుసా? స్కాలర్‌షిప్పులు. సైన్సు కోసం అంతర్జాతీయ స్కాలర్‌షిప్పులు కావాలని 1926లో ఆమె ఒక నివేదిక రాసి సమర్పించారు. ఆ అవసరం ఆమెకు పుస్తకాల్లో తెలిసింది కాదు. పోలండ్ నుంచి పారిస్ వచ్చి మేడమీది చలిగదిలో చదువుకున్న పిల్ల ఆమె. 1893లో 600 రూబుళ్ల స్కాలర్‌షిప్ రాకపోతే గణితం డిగ్రీకి ఉండగలిగేది కాదు. తర్వాత ఉక్కు అయస్కాంత గుణాల మీద చేసిన పనికి తొలి సంపాదన చేతికి రాగానే, ఎవరూ అడక్కుండానే ఆ 600 రూబుళ్లూ తిరిగి కట్టేశారు. తన తర్వాత ఇంకో పేద విద్యార్థికి ఆ డబ్బు అందాలని.

ఇవాళ యూరోపియన్ యూనియన్ పరిశోధకులకు ఇచ్చే పెద్ద పథకానికి ఆమె పేరే: మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ చర్యలు. ఇందులో పీహెచ్‌డీ చేసేవాళ్లను విద్యార్థిగా కాక ఉద్యోగిగా తీసుకుంటారు. నియామక పత్రం, జీతం, సామాజిక భద్రత ఉంటాయి. ఏ దేశంలో చేరుతున్నారో ఆ దేశంలో గడిచిన మూడేళ్లలో ఏడాదికి మించి ఉండకూడదన్నది ముఖ్యమైన నిబంధన. పుట్టిన దేశంతో పని లేదు. ఐఐటీ ఢిల్లీలో ఎమ్‌టెక్ చేసినా, మన జిల్లా కాలేజీలో బీటెక్ తర్వాత ఎమ్‌టెక్ చేసినా ఒకే దరఖాస్తు.

రాధాకృష్ణన్ గారి కథకు ఢిల్లీలో కొనసాగింపు ఉంది. 1948–49లో ఆయన అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం సిఫారసు నుంచే యూజీసీ పుట్టింది. 1953లో మొదలై, 1956లో చట్టబద్ధమైంది. బహదూర్‌షా జఫర్ మార్గ్‌లోని ఆ కార్యాలయమే 2022లో మన విశ్వవిద్యాలయాలు విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి జంట పట్టాలు, ఉమ్మడి పట్టాలు ఇవ్వడానికి నిబంధనలు తెచ్చింది. విదేశంలో చదివొచ్చిన పట్టాల గుర్తింపుకు 2025 ఏప్రిల్‌లో మరికొన్ని తెచ్చింది. సోఫియా కొరాది రోమ్‌లో అడిగిన ప్రశ్నకు మన జవాబు ఆ కార్యాలయంలోనే రాస్తున్నారు. అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన సొసైటీ అది. ఢిల్లీ తెలుగు పిల్లలు తరతరాలుగా చదువుకుంటున్న చోటు.

✦

జేఎన్‌యూలో యూరప్ రాజకీయాలు బోధించే ఆచార్యులు కొందరికి 'జాఁ మొనే చెయిర్' అనే హోదా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ గురించి బోధనకు, పరిశోధనకు ప్రపంచమంతటా ఇచ్చే నిధి అది. ఆ పేరుగల జాఁ మొనే ఐక్య యూరప్‌కు పునాది వేసినవాళ్లలో ఒకరు. మరి ఆయన ఏ విశ్వవిద్యాలయంలో చదివారు? ఎక్కడా చదవలేదు. పదహారేళ్లకే బడి మానేసి, తండ్రి బ్రాందీ వ్యాపారంలో దిగి దేశాలు తిరిగారు. విశ్వవిద్యాలయం గడప తొక్కని మనిషి పేరిట ప్రపంచమంతా విశ్వవిద్యాలయ పీఠాలు.

✦

ఒక నిబంధన మాత్రం మనవాళ్లు బాగా తెలుసుకోవాలి. ఒక్కో ఎరాస్మస్ ముండస్ కోర్సు ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఒకే దేశస్థులకు పది శాతానికి మించి ఇవ్వరాదు. ఎంత మంది ప్రతిభావంతులు వచ్చినా భారతీయులకు ఆ గీత దాటదు. అయితే కొన్ని కోర్సులకు ఆసియా వంటి ప్రాంతాల కోసం యూరప్ విదేశాంగ నిధుల నుంచి అదనంగా స్కాలర్‌షిప్పులు వస్తాయి. వాటికి ఈ పది శాతం గీత వర్తించదు.

దీని అర్థమేమిటంటే, మనవాళ్లంతా కట్టకట్టుకుని డేటా సైన్సు, కృత్రిమ మేధ కోర్సుల మీద పడితే పోటీ మనలో మనకే. జలవనరులు, మొక్కల తెగుళ్లు, ప్రజారోగ్యం, వస్త్ర సాంకేతికం, వారసత్వ సంపద, పిల్లల సాహిత్యం వంటి వాటిలోనూ ఎరాస్మస్ ముండస్ కోర్సులు నడిచాయి, నడుస్తున్నాయి. మా అబ్బాయికి కంప్యూటర్ తప్ప ఇంకేమీ వద్దనే తండ్రులకు ఇది చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. వ్యవసాయ బీఎస్సీ చదివిన పిల్లకు దారి తెరిచి ఉన్న చోట ఆమెను సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి పంపడం న్యాయం కాదు.

✦

బ్రిటన్ ఇప్పుడు ఎరాస్మస్‌లో లేదు. బ్రెగ్జిట్‌తో బయటికి వెళ్లింది, 2027లో తిరిగి చేరాలని నిర్ణయించుకుంది. బ్రిటన్‌తో మన చదువుల బంధం మాత్రం పాతది: ఐఐటీ ఢిల్లీ బ్రిటిష్ సహకారంతోనే లేచింది. హౌజ్ ఖాస్‌లో దాని శంకుస్థాపన 1959 జనవరిలో చేసినవారు ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్.

✦

జర్మనీ సంగతి వేరు. డీఏఏడీ అనే ఆ దేశపు విద్యా మార్పిడి సంస్థకు 1960 నుంచీ ఢిల్లీలో కార్యాలయం ఉంది. 2023–24 శీతాకాలపు సెమిస్టర్‌లో జర్మనీలో 49,483 మంది భారతీయ విద్యార్థులున్నారు. 2022 నవంబరు 1 నుంచి జర్మనీ విద్యార్థి వీసాకు ఏపీఎస్ ధ్రువపత్రం ఉండాలన్నారు. మన సర్టిఫికెట్లు అసలైనవేనని ఢిల్లీలోని జర్మన్ విభాగం పరిశీలించి ఇచ్చే కాగితం. ఇందుకు 18,000 రూపాయలు కట్టాలి, వారాల తరబడి ఆగాలి. సీటొచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లు సెమిస్టర్ పోగొట్టుకుంటారు.

✦

ఇది మన విశ్వవిద్యాలయాల అధికారుల కోసం. ఎరాస్మస్ ప్లస్ (ఎరాస్మస్ పథకానికి ఇప్పటి పేరు) విద్యార్థులకే కాదు, సంస్థలకూ నిధులిస్తుంది. ఉన్నత విద్యలో సామర్థ్య నిర్మాణం అనే విభాగం కింద ఒక్కో ప్రాజెక్టుకు రెండు లక్షల యూరోల నుంచి పది లక్షల యూరోల వరకు దొరుకుతుంది. కొత్త పాఠ్యక్రమం రాయడానికి, అధ్యాపకుల శిక్షణకు, ల్యాబులకు వాడుకోవచ్చు. ఇంతకుముందు సంగతి ఎలా ఉన్నా, ప్రస్తుత 2021–2027 విడతలో భారతీయ విశ్వవిద్యాలయం భాగస్వామిగానే కాక, సమన్వయకర్తగా కూడా దరఖాస్తు చెయ్యొచ్చు. ఈ ఏడేళ్ల విడత మొత్తం బడ్జెట్ 2,600 కోట్ల యూరోల పైమాటే. 2028 నుంచి వచ్చే విడతకు 4,080 కోట్ల యూరోలు కేటాయించాలని యూరోపియన్ కమిషన్ 2025 జూలైలో ప్రతిపాదించింది. అనంతపురం, శ్రీకాకుళం, నల్గొండ విశ్వవిద్యాలయాల్లో కనీసం ఒక్కో అధ్యాపకుడికి ఈ దరఖాస్తు రాయడమే పనిగా అప్పగించాలని నా విన్నపం.

✦

ఆఖరుగా, ఆ గుంటూరు పెద్దాయనకు ముందే ఎవరైనా చెప్పాల్సిన నాలుగు మాటలు.

ఎరాస్మస్ ముండస్‌కు డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆఖరి ఏడాదిలో ఉండగానే దరఖాస్తు పెట్టొచ్చు. చాలా కోర్సుల దరఖాస్తులు అక్టోబరు నుంచి జనవరి మధ్య తీసుకుంటారు. కోర్సుల జాబితా యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎరాస్మస్ ముండస్ కేటలాగ్ పేరుతో అందరికీ అందుబాటులో ఉంటుంది. ఒక్కసారి ఈ స్కాలర్‌షిప్ అందుకున్నవారికి రెండోసారి ఇవ్వరు, కాబట్టి కోర్సు ఎంపిక ఆలోచించి చేసుకోవాలి.

దరఖాస్తు నేరుగా ఆ కోర్సు నడిపే విశ్వవిద్యాలయాల బృందానికే వెళుతుంది. ఢిల్లీలో యూరోపియన్ యూనియన్ ప్రతినిధి కార్యాలయం ఉంది. అక్కడ సీట్లు ఇవ్వరు, సిఫారసులు నడవవు. ఎంపికైన పిల్లల్ని ఏటా ప్రయాణానికి ముందు పిలిచి కూర్చోబెట్టి, వెళ్లే దేశాల గురించి చెబుతారు, పాత విద్యార్థులతో కలుపుతారు. మధ్యలో ఏ ఏజెంటూ లేడు. ఎరాస్మస్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి.

దరఖాస్తుకు సాధారణంగా కావలసినవి: ఇద్దరు అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఎందుకు చదవాలనుకుంటున్నారో సొంత మాటల్లో రాసిన లేఖ, ఇంగ్లిష్ పరీక్ష ఫలితం, పాస్‌పోర్టు. వీటిలో ఎక్కువ కాలం పట్టేది ఆ సొంత మాటల లేఖే. దాన్ని ఆగస్టులోనే మొదలుపెట్టాలి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న పిల్లలుంటే ఈ పేజీ చింపి వాళ్ల చేతికివ్వండి.